పాఠంలో ఎక్కడ ఆగినవ్?

తెలుగు టీచరు పని ఏమిటని అడిగితే ఇప్పటికీ చాలామంది చెప్పేది ఒక్కటే: పాఠం చదివి, అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు రాయించడం. నేను దాదాపు ముప్పై ఏళ్ళు ఆర్మూర్‌లోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఈ పని చేశాను. మొదటి పదేళ్ళు అచ్చం అలాగే చేశాను. ఆ పదేళ్ళూ నాకు మంచి టీచరని పేరుండేది. తర్వాత పని తీరు మార్చుకున్నాను. దాంతోపాటు పేరూ మారింది. "ఖమర్ మేడం పిల్లలకు ఎదురు మాట్లాడుడు నేర్పుతది" అనడం మొదలుపెట్టారు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెప్తున్నాను, ఆ మాట నిజమే. దానికి సంజాయిషీ చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

ప్రమోషన్లు, పీఆర్సీలు, ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగుల సంగతులు ఇందులో ఉండవు. వాటి గురించి ఏ స్టాఫ్‌రూములో కూర్చున్నా కావలసినంత దొరుకుతుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఒక హెడ్మాస్టరు, నా తప్పులు కొన్ని, ఇవే చెప్తాను.

నలభై మంది చూసిన సముద్రం

అప్పుడు నందిపేట్ వైపు ఒక ఊళ్ళో హైస్కూల్లో ఉన్నాను. ఆర్మూర్ నుంచి షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. తొమ్మిదో తరగతికి ఒక యాత్రా వ్యాసం పాఠంగా ఉండేది. అందులో రచయిత మొదటిసారి సముద్రం చూసి మైమరచిపోతాడు. పాఠం చివర ఒక ప్రశ్న: 'మీరు చూసిన ప్రదేశం గురించి సొంత మాటల్లో రాయండి.'

సొంత మాటలు బజార్లో దొరుకుతాయని ఈ ఉద్యోగంలోకి రాకముందు నాకు తెలియదు. గైడులో ఆ ప్రశ్నకు కూడా జవాబు ఉంది. 'వేసవి సెలవుల్లో మా మామయ్యగారితో కలిసి సముద్రతీరానికి వెళ్ళాను. ఉవ్వెత్తున ఎగసిపడే కెరటాలను చూసి నా మనస్సు పరవశించింది' అని మొదలై పేజీన్నర సాగుతుంది. పరీక్షలో క్లాసు క్లాసంతా అదే రాసింది. నిజామాబాద్ కూడా సరిగ్గా చూడని నలభై మంది పిల్లలు తలా ఒక మామయ్యగారితో సముద్రానికి వెళ్ళొచ్చారు. నేను ఎర్ర పెన్ను పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పదికి ఎనిమిది, తొమ్మిది.

ఒక్క పిల్ల మాత్రం వేరే రాసింది. పేరు రజిత. ఐదు వాక్యాలే రాసింది. నాకు ఇప్పటికీ నోటికి వస్తాయి.

'నేను సముద్రం చూడలేదు. మా ఊరి కాడ గోదావరి నిండంగ చూసిన. రచయితకు అన్ని నీళ్ళు చూస్తే ఆనందం అయింది. నాకు భయం అయింది, మా చేను మునిగింది. రచయిత చేను అక్కడ లేదు కావచ్చు, అందుకే ఆనందం అయింది.'

పాఠాన్ని అంత బాగా చదివిన పిల్లను నేను అంతకు ముందు చూడలేదు. అయినా 'కాడ' చుట్టూ సున్నా చుట్టాను. 'నిండంగ' చుట్టూ ఇంకొకటి. 'సమాధానం చిన్నది, భాషాదోషాలు ఉన్నాయి' అని రాసి మూడు మార్కులు వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, నేను సముద్రం చూడలే గదా. చూసినట్టు ఎట్ల రాయాలె?"

"మార్కులు రావాలంటే రాయాలె" అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా అన్నాను.

రజిత తెలివైన పిల్ల, నేను చెప్పింది వెంటనే నేర్చుకుంది. తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న మళ్ళీ వస్తే, మామయ్యగారితో సముద్రానికి వెళ్ళి తొమ్మిది మార్కులు తెచ్చుకుంది. ఆ పేపరు మీద ఇంటివాళ్ళ సంతకం తెమ్మని పంపించాను. మర్నాడు వాళ్ళమ్మే బడికొచ్చింది. చేతిలో ఆ పేపరు ఉంది.

"టీచరమ్మ, మా పెద్దోడు గిది చదివి వినిపిచ్చిండు. మా పిల్ల సముద్రం కాడికి పోయిందని రాసింది. ఎన్నడు పోలే. మామతోని పోయిన అని రాసింది. నాకు అన్నదమ్ములే లేరు. పిల్ల గిన్ని అబద్ధాలు ఏడ నేర్సింది? జర మీరన్న అడుగుండ్రి."

అడగాల్సిన పని లేదు. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. ఆమెకు ఏదో సర్దిచెప్పి పంపించాను. నేనే నేర్పానని ఒప్పుకునే ధైర్యం ఆరోజు లేకపోయింది. ఆ తర్వాత రజితను చాలాసార్లు బతిమాలాను, మొదట రాసినట్టే రాయమని. "వద్దు టీచర్, గిట్లనే మంచిగున్నది" అంది. పదో తరగతి మంచి మార్కులతో పాసై వెళ్ళిపోయింది. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఒక్క సొంత వాక్యం రాయలేదు. నేను సరిదిద్దుకోగలిగిన తప్పుల్లో ఇది లేదు.

ఆగడం

మా ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాం. నాన్న పసుపు యార్డులో తూకం వేసేవాడు. తెలుగు నాకు గల్లీలోనూ, బడిలోనూ దొరికిన భాష. అందుకే చిన్నప్పుడు పాఠం చదువుతుంటే పది చోట్ల ఆగేదాన్ని. ఇక్కడ ఈ మాట ఎందుకు వచ్చింది, ఇంతకుముందు ఒకలా అని ఇప్పుడు ఇంకోలా ఎందుకు అంటున్నాడు, అని. పక్కన పిల్లలు గడగడా చదివేస్తుంటే ఆగకపోవడమే తెలివి అనుకునేదాన్ని. టీచరయ్యాక నేనూ గడగడా చదివేసేదాన్ని.

ఆర్మూర్ బడికి మారిన కొత్తలో ఇంగ్లిష్ సారు ఒకరు స్టాఫ్‌రూములో అందరి ముందూ అన్నాడు: "మేడం, మీరు ఉర్దూ మీడియంకు పోతే మంచిగుంటుండె గదా?"

"మీరు ఇంగ్లిష్ చెప్తరు గద సార్, మీ ఇంట్ల ఇంగ్లిష్ మాట్లాడుతరా?" అన్నాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ ఆరోజు ఇంటికి పోతూ ఆలోచిస్తే నాకొకటి తట్టింది. భాష నాది కాదనుకున్నప్పుడు నేను ఆగిన చోట్లే, పాఠాన్ని నేను నిజంగా చదివిన చోట్లు.

మరుసటి వారం క్లాసులో గైడులు మూయించాను. పాఠం ఒకసారి పైకి చదివాను, అర్థం చెప్పలేదు. "పాఠంలో ఎక్కడ ఆగినవ్? ఆ లైన్ కింద పెన్సిల్‌తోని గీత గియ్యి. ఎందుకు ఆగినవో పక్కన రాయి. కోపమొచ్చినా సరే, సమజ్ కాకపోయినా సరే, నవ్వొచ్చినా సరే" అన్నాను.

మొదటి రోజు ఎవరూ గీయలేదు. నేను ఏ లైను కింద గీయమంటానో చెప్తే గీద్దామని పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. రెండో రోజు వెనక బెంచీ పిల్లవాడొకడు లేచాడు.

"నేను ఏడ ఆగలే టీచర్. నిద్రొచ్చింది."

క్లాసంతా నవ్వింది. "ఏ లైన్ కాడ నిద్రొచ్చింది?" అని అడిగాను. వాడు వెటకారం అనుకున్నాడు. నేను అక్కడే నిలబడేసరికి వెతికి చూపించాడు. వెన్నెల వర్ణన. ఒకే మాటను రచయిత మూడు రకాలుగా చెప్పాడు.

"ఒక్కటే ముచ్చట మూడుసార్లు చెప్పిండు టీచర్."

"మూడూ ఒక్కటేనా? మళ్ళ చదువు."

చదివాడు. రెండు ఒకటేననీ, మూడోది కొంచెం వేరనీ, అందులో వెన్నెల కింద ఒక ముసలామె ఉందనీ చెప్పాడు. ఆ ముసలామె ఎందుకుందో ఆ పీరియడంతా మాట్లాడుకున్నాం. వాడికి తెలుగులో ఎప్పుడూ పాస్ మార్కులు వచ్చేవి కావు.

కొత్త టీచర్లు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు ఏం చెప్పినా సరేనని తల ఊపడం కాదు నేను చెప్పేది. 'నచ్చింది', 'నచ్చలే' అన్న మాటలను నేను జవాబుగా ఎప్పుడూ తీసుకోలేదు. ఏ లైను నచ్చలేదో చూపించాలి. ఆ లైనుకు ముందేముందో, వెనకేముందో చదివి, అయినా నచ్చలేదని చెప్పాలి. సగం సార్లు అలా చదివేసరికి పిల్లల అభిప్రాయం మారేది. మిగతా సగం సార్లు నాది మారేది. గైడు చెప్పింది అప్పజెప్పడం ఎంత సోమరితనమో, చదవకుండా అభిప్రాయం చెప్పడం కూడా అంతే సోమరితనం. నేను రెండోదానికి కూడా మార్కులు కోసేదాన్ని.

మంచి జవాబు ఒకదాన్ని వారానికోసారి పదో తరగతి గది బయట వరండా గోడకు అంటించేదాన్ని. గొడవంతా ఆ గోడ దగ్గరే మొదలైంది.

ముగ్గురు పిల్లలు

మా హెడ్మాస్టరు అంతకు ముందు అదే బడిలో లెక్కల సారు. ప్రమోషన్ మీద వేరే మండలానికి వెళ్ళి, కొన్నేళ్ళకు హెడ్మాస్టరుగా తిరిగొచ్చారు. పనిమంతుడు. పొద్దున అందరికంటే ముందు వచ్చేవారు. లెక్కలు చాలా బాగా చెప్పేవారు. కొట్టేవారు కూడా. అప్పట్లో ఊళ్ళో తల్లిదండ్రులు దాన్ని ఆయన గొప్పతనంగానే చెప్పుకునేవారు.

ఆ ఏడు పదో తరగతిలో ఒక కథ పాఠంగా ఉంది. ఎక్కం అప్పజెప్పలేని ముగ్గురు పిల్లలను మాస్టారు వరసగా నిలబెట్టి, అరచేతులు చిట్లేలా కొడతాడు. ఏళ్ళు గడిచాక ఆ ముగ్గురిలో ఒకడు పెద్ద అధికారి అవుతాడు. జీపు ఆపి, దిగి, ముసలి మాస్టారి కాళ్ళకు దండం పెడతాడు. ఆనాటి దెబ్బలే నన్ను మనిషిని చేశాయంటాడు. ప్రశ్న ఏమిటో మీరే ఊహించగలరు: 'ఈ కథ ద్వారా గురుభక్తి ఎలా వ్యక్తమైంది?'

శిరీష అని ఒక పిల్ల ఉండేది. తండ్రి పోశెట్టి యార్డులో హమాలీ. ఆ పిల్ల క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు. కథ చదివాక 'ముగ్గురిని వరసగా నిలబెట్టాడు' అన్న లైను కింద గీత గీసి ఇలా రాసింది:

'ఇక్కడ ముగ్గురు ఉన్నారు. చివరకు ఒక్కడే వచ్చాడు. మిగతా ఇద్దరు ఏమయ్యారో రచయిత రాయలేదు. ఆఫీసర్ అయినవాడే జీపులో వచ్చి దండం పెడతాడు. దెబ్బలకు భయపడి బడి మానేసినవాడు దండం పెట్టడానికి రాడు. వస్తే కథ వేరే తీరుగా ఉంటుంది. దెబ్బల వల్ల మనిషి అయ్యాడు అంటే, ముగ్గురూ కావాలి కదా. ఒక్కడే ఎందుకు అయ్యాడు? అందుకని ఆ ఒక్కడు దెబ్బల వల్ల కాకుండా వేరే దాని వల్ల అయ్యాడేమో అని నాకు అనుమానం.'

ఆ పిల్ల దీన్ని క్లాసులో చదివినప్పుడు నా బల్ల మీద చెక్క స్కేలు ఉంది. పిల్లలందరూ ఒకేసారి దానివైపు చూశారు. ఆ క్షణంలోనే దాన్ని విరిచి పారేశానని రాస్తే బాగుంటుంది. కానీ పారేయలేదు. ఇంకో వారం అది అక్కడే ఉంది. చెయ్యి అటు పోయినప్పుడల్లా ముగ్గురు పిల్లలు గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఆ తర్వాత అది బీరువాలోకి పోయింది.

శిరీష కాగితాన్ని మాత్రం ఆరోజే గోడకు అంటించాను.

తప్పు లైను

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు పిలిపించారు.

"గోడ మీద ఏంది మేడం గది?"

"పాఠానికి జవాబు సార్."

"జవాబా? గది నా మీద రాసింది. నేను కొడ్తనని ఊరంత తెలుసు."

"మీ పేరు అందుల లేదు సార్. పాఠంల మాస్టారు గురించి రాసింది."

"నాకు తెలుగు నేర్పుతున్నరా? కాగితం తీసెయ్యుండ్రి. సోమవారం ప్రార్థనల గా పిల్ల మాఫీ చెప్పాలె. లేకుంటే ఇంటర్నల్ మార్కుల మీద నా సంతకం ఎట్ల పడ్తదో చూస్త."

"తియ్య సార్" అన్నాను.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. విద్యార్థుల్లో క్రమశిక్షణా రాహిత్యాన్ని ప్రోత్సహిస్తున్నందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని. స్టాఫ్‌రూములో తోటివాళ్ళు చాలా దయగా మాట్లాడారు. "ఒక్క కాగితమే గదా మేడం, తీస్తే ఏం పోతది?" అన్నారు. ఒక్క కాగితమే అయితే, ఉంటే ఏం పోతుందని అడిగాను.

సాయంత్రం పోశెట్టి వచ్చాడు. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడ మీద తువ్వాలకు పసుపు దుమ్ము అట్లాగే ఉంది. కూతురు పక్కన నిలబడి ఉంది.

"టీచరమ్మ, మేం కష్టం చేసుకొని బతికేటోళ్ళం. పిల్ల ఏదో తెల్వక రాసింది. సోమారం మాఫీ చెప్పిపిస్త. గా కాగితం తీసెయ్యుండ్రి, మీ దండం పెడ్త."

అతను చేతులు జోడిస్తే నాకు భయమేసింది. తెగింపు నాది, మార్కులు ఆ పిల్లవి. ఒకసారి ఒక పిల్లతో మార్కుల కోసం అబద్ధం రాయించినదాన్ని. ఇప్పుడు ఇంకో పిల్లతో నిజం కోసం మార్కులు పోగొట్టిస్తున్నానా? రెండూ నా పట్టుదల కోసమేనా? అందుకే ఆ పిల్లనే అడిగాను.

"శిరీషా, కాగితం నీది. నువ్వు తియ్యమంటె ఇప్పుడే తీస్త. నా కోసం ఉంచమనకు. నాకేం కాదు."

ఆ పిల్ల నెమ్మదిగా అంది, "నేను తప్పు రాసిన అంటున్నరు గద టీచర్. తప్పు లైన్ ఏదో చూపెడ్తె మాఫీ చెప్త."

"ఎదురు మాట్లాడకు" అని తండ్రి కసిరాడు.

"ఎదురు కాదు బాపూ. ఏ లైనో తెల్వకుంట దేనికని మాఫీ చెప్పాలె?"

ఆ రాత్రికి రాత్రి నాకు ధైర్యమేమీ పుట్టుకురాలేదు. మర్నాడు మెమోకు జవాబు రాయడానికి కూర్చుంటే, ఆ పిల్ల మాట తప్ప వేరేది తోచలేదు. 'విద్యార్థిని సమాధానంలో దోషం ఉన్న వాక్యాన్ని చూపించినట్లయితే దానిని సరిచేయించగలను' అని ఒకే ఒక్క వాక్యం రాసి ఇచ్చాను. హెడ్మాస్టరు చదివి, కాగితాన్ని బల్ల మీద బోర్లించారు.

నరేశ్

శనివారం మధ్యాహ్నం, బడి వదిలే వేళకు, ఇరవై ఏళ్ళ యువకుడొకడు వరండాలో నిలబడి గోడ మీది కాగితం చదువుతున్నాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి నమస్తే పెట్టాడు.

"నేను శిరీష అన్నను టీచర్. నరేశ్. యార్డుల సంచులు మోస్త. గిది మా చెల్లె రాసిందేనా?"

అవునన్నాను. ఇంతలో హెడ్మాస్టరు తన గదిలోంచి బయటికొచ్చారు.

"ఎవరు నువ్వు? బడి టైంల లోపలికెట్ల వచ్చినవ్?"

నరేశ్ ఆయనవైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"యాదికి లేనా సార్? ఎనిమిదో తరగతి, బి సెక్షన్. వర్గమూలాలు రాలేదని బోర్డు కాడ నిలవెట్టి కొట్టిండ్రు. మర్నాటి నుంచి నేను రాలే."

"ఎంతో మందికి చెప్పిన. అందరు యాదికి ఉంటరా?"

"ఉండరు సార్. నాకు మాత్రం మీరు యాదున్నరు." నావైపు చూశాడు. "మీరు గూడ మాకు చెప్పిండ్రు టీచర్. తెలుగు. మీకు గూడ యాదికి లేనట్టున్న."

నాకు నిజంగానే గుర్తు లేడు. అప్పటికే నేను పిల్లలను ఆగి చదవమంటున్న టీచరును. ఒక పిల్లవాడు మర్నాటి నుంచి రాకపోతే, నేను హాజరు పట్టీలో గీత గీసి ముందుకు పోయాను.

"నేను లొల్లి చేసెటందుకు రాలే సార్" అన్నాడు నరేశ్. "మా చెల్లెకు చదువంటె ఇష్టం. నన్ను జూసి ఇంట్ల అది కూడ మానేస్తదేమో అని బాపుకు ఎప్పుడు భయమే. దాన్ని సదువుకోనియ్యుండ్రి. గంతే."

నరేశ్ మళ్ళీ ఇద్దరికీ నమస్తే పెట్టి గేటు దాటి పోయాడు.

సోమవారం ప్రార్థనలో ఎవరూ మాఫీ చెప్పలేదు, ఎవరూ చెప్పమని అడగలేదు. కాగితం మాత్రం సోమవారం పొద్దున నేను వచ్చేసరికే గోడ మీద లేదు. ఎవరు తీశారని నేను అడగలేదు. శిరీషతో ఇంకోసారి రాయించి అక్కడే అంటించాను. అది వేసవి సెలవుల దాకా ఉంది. ఇంటర్నల్ మార్కుల మీద సంతకం పడింది. మెమోను ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ముందుకూ నడపలేదు. నేను దాంతోనే రిటైరయ్యాను. కొట్టేయమని ఎవరినీ అడగలేదు, అడగను.

ఫలితం

పబ్లిక్ పరీక్షలో శిరీషకు తెలుగులో వచ్చిన మార్కులు మామూలువే. గైడు బట్టీ పట్టినవాళ్ళలో చాలామందికి ఆమె కంటే ఎక్కువ వచ్చాయి. ఇది దాచిపెట్టి మిమ్మల్ని ఈ దారిలోకి రమ్మనడం మోసం అవుతుంది. జవాబుల పట్టిక ముందు పెట్టుకుని, గంటకు ఇన్ని పేపర్లని దిద్దేవాళ్ళకు ఆగిన చోట్లు కనిపించవు. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే క్యాంపుల్లో నేనూ కూర్చున్నాను. నా చేతుల మీదుగా కూడా ఎందరో రజితలు మూడు మార్కులతో పోయి ఉంటారు.

అందుకే మా పిల్లలకు రెండూ నేర్పాను. పరీక్షలో దిద్దేవాళ్ళకు కావలసింది ఎలా రాయాలో నేర్పాను. అది పరీక్ష కోసం మాత్రమేననీ, నోటుబుక్కులో రాసేదే నువ్వు చదివిన చదువనీ చెప్పాను. ఇది రాజీ అని మీరు అంటే, అవును రాజీయే. మీకు ఇంతకంటే మంచిది తెలిస్తే అదే చేయండి. కానీ పిల్లతో మార్కుల కోసం ఒకటి రాయించి, అదే నిజమని మాత్రం నమ్మించకండి.

సిలబస్ పూర్తి కాదంటారు. కాదు. నాకు ఏ ఏడూ చివరి రెండు పాఠాలు తీరిగ్గా చెప్పే టైము మిగల్లేదు, చివర్లో పరుగులు పెట్టేదాన్ని. పసుపు తవ్వే రోజుల్లో సగం క్లాసు చేన్లలోనే ఉండేది, ఆ పాఠాలు మళ్ళీ చెప్పాల్సి వచ్చేది. పిల్లలు పెద్దలకు ఎదురు మాట్లాడతారంటారు. మాట్లాడతారు. నాతోనూ మాట్లాడారు. నాకు ప్రాణమైన పద్యాన్ని ఒక పిల్ల లైను చూపించి మరీ బాగాలేదంది. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. మూడో రోజు ఆ లైను మళ్ళీ చదివితే ఆ పిల్ల చెప్పిందే నిజమనిపించింది. ఆ మాట క్లాసులో ఒప్పుకున్నాను. దాంతో నా గౌరవం ఏమీ తగ్గలేదు. తగ్గినా పర్వాలేదు.

శిరీష ఇప్పుడు నిజామాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. నరేశ్ ఇంకా యార్డులోనే ఉన్నాడు.

హెడ్మాస్టరు సారు

ఆయన నాకంటే ముందే రిటైరయ్యారు. ఆ తర్వాత మేము ఒకరికొకరు ఎదురుపడింది తక్కువ. పడినా తల ఊపి పోయేవాళ్ళం. నేను రిటైరయిన కొన్నాళ్ళకు ఒక పొద్దున స్కూటర్ మీద మా ఇంటికొచ్చారు. ఎందుకొచ్చారో అర్థం కాక చాయ్ పెట్టాను. సగం తాగాక, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు.

"మీ పిల్ల రాసింది గద మేడం, మిగతా ఇద్దరు ఏమైండ్రని."

"శిరీషా?"

"ఆఁ. గా పిలగాడు వచ్చిపోయినప్పటి సంది నా మనసుల అదే తిరుగుతున్నది. నా క్లాసుల ఉండి మధ్యల బడి మానేసినోళ్ళ పేర్లు రాద్దామని కూసున్న. నాలుగు యాదికొచ్చినయి. మస్తు మంది ఉన్నరని తెలుసు, పేర్లు వస్తలేవు."

కాగితం నా ముందు పెట్టారు. నాలుగు పేర్లు, మొదటిది నరేశ్. ఐదో నెంబరు వేసి ఖాళీగా వదిలేశారు.

"ఇప్పుడు గివి రాసి ఏం చేస్తరు సార్?"

"ఏం చేస్తనో తెల్వదు. పోయి కలుస్త కావచ్చు. వాళ్ళు తిడ్తె పడ్త." కప్పు కింద పెట్టారు. "మీకు ఎవరన్న యాదున్నరా?"

లేరని చెప్పి, చాయ్ తాగించి పంపించవచ్చు. ఏం పర్వాలేదు సార్, మీరు మంచికే కొట్టారు అని ఓదార్చవచ్చు కూడా. ఆయన మొహం చూస్తే ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు.

"ఇద్దరు యాదున్నరు" అన్నాను.

పేర్లు చెప్పాను. ఆయన మెల్లగా, అక్షరం అక్షరం రాసుకున్నారు. ఎలా గుర్తున్నారని అడిగారు. పక్క గదిలో పద్యం చెప్తూ, మధ్యలో గోడ అవతల ఆ ఇద్దరి మీద పడే దెబ్బల చప్పుడు వినిపిస్తే, గొంతు పెంచి పద్యం అందుకున్నది నేనేనని చెప్పాను.